ఒక్కసారి చదివితే చాలు

వెయ్యి నూట ఇరవై. వెయ్యి నూట ఇరవై ఒకటి. పక్కన శాతం తొంభై ఏడు దగ్గరే ఉంది, ఇంకా కొంప మునగలేదు అనుకుంటూ ఆమె కుర్చీని బల్లకి మరికాస్త దగ్గరగా జరుపుకుంది, జరుపుకుంటే అంకె మెరుగవుతుందన్నట్టు. నేలమాళిగలో కిటికీ లేని కొలతల గది, తలుపు అంచుకి గాలి చొరబడకుండా అంటించిన రబ్బరు పట్టీ, బల్ల మీద ఆకుపచ్చ బోర్డు, బోర్డు నడుమ చిటికెనవేలి గోరంత చిప్, అక్కణ్ణించి వైరు వెళ్లే తెల్లటి మీటరు. గడియారం పదీ ఇరవై నాలుగు. పదివేల బొమ్మల పరీక్ష ఇది, ఏ బొమ్మలో ఏ బట్టో ఏ వస్తువో చిప్ గుర్తుపట్టాలి, నిమిషానికి ఎనభై చొప్పున నడుస్తోంది, పదీ పదికి మొదలైంది కాబట్టి పన్నెండుంపావుకి అవుతుంది. మూడో అంతస్తులో ఆమె జూనియరు కూర్చుని సరిచేస్తున్న రెండో చిప్ డిజైను ఫైలు పన్నెండుకల్లా తయారీ ఫ్యాక్టరీకి వెళ్లిపోవాలి. అంటే ఇక్కడ రిజల్టు తేలేసరికి ఫైలు గడప దాటి పావుగంటవుతుంది. వెళ్లిన ఫైలు వెనక్కి రాదు, ఆర్నెల్ల తర్వాత చిప్పయి వస్తుంది, బతికో చచ్చో. ఇదంతా తెలిసి ఎందుకు కూర్చున్నట్టు? ఖాయం చేసుకోవాలి కదా, ఖాయం కాకుండా నోరు జారితే ఎలా, అని తనకు తానే సమాధానం చెప్పుకుంది. ఆ సమాధానంలో పస లేదని కూడా తనకే తెలిసింది.

పొద్దున తొమ్మిదింటిదాకా అంతా సవ్యంగానే ఉంది. థీసిస్‌లో చివరి పేజీలు, ఎవరూ చదవని పేజీలు, ఏ మీటరు వాడాం, ఏ సెట్టింగు పెట్టాం అన్న పట్టిక. ఎవరూ చదవరని తెలిసినా గైడు వదలడు, "రాయమ్మా, రేపు ఇంకెవరో చేసి చూసుకోవాలంటే ఇదే కదా దారి" అంటాడు. సరే అని మూడేళ్ల కిందటి తన ప్రోగ్రామే తెరిచి ఒక్కో వరుసా చూస్తూ పట్టికలోకి దింపుకుంటూ వచ్చింది, రెండు వందల పన్నెండో వరుస దగ్గర చెయ్యి ఆగింది. సగటు, అరవై నాలుగు. పక్కనే తన రాతే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట: రేపు తీసెయ్యాలి. ఆ రేపు ఇవాళొచ్చింది. మీటరు ఒక్కో కొలతనీ అరవై నాలుగు సార్లు చదివి, సగటు తీసి, అప్పుడు ఒక్క అంకె ఇచ్చేదన్నమాట. మూడేళ్లు. అచ్చయిన రెండు పేపర్లు. ఇంకో నెలలో వైవా. వాటన్నిటి కిందా రెండు వందల పన్నెండో వరుస కుక్కిన పేనులా పడుకుని ఉంది.

మామూలు కంప్యూటరు అంకెల్ని ఒకచోట దాచి, లెక్క ఇంకోచోట చేస్తుంది, ఉన్న కాలమూ కరెంటూ మోతకే ఖర్చు. ఆమె చిప్ అలా కాదు, అంకెలు ఏ గళ్లలో దాగి ఉన్నాయో ఆ గళ్లలోనే లెక్క జరిగిపోతుంది, అన్ని గళ్ల కరెంటూ ఒక తీగలోకి చేరితే అదే కూడిక. అందమైన ఊహ, కాకపోతే గళ్లలో కరెంటు ఒక్కచోట నిలవదు, వణుకుతుంది, చదివిన ప్రతిసారీ కాస్త తేడాగా వస్తుంది. అందుకని లోకమంతా రెండేసి సార్లు, పదేసి సార్లు చదువుకుంటూ కూర్చుంటే, ఆమె పేపరు మాత్రం ఒక్కసారి చదివితే చాలు అంది. అనడమేమిటి, పేరే అది, పేపరు పేరులోనే ఉంది. ఎంతో పెద్ద లాబుల వాళ్లు మీకెలా సాధ్యమైందని ఉత్తరాలు రాశారు, బోర్డు శుభ్రంగా చేశామని ఈమె జవాబులు రాసింది. పదిహేను వందలు దాటింది. సంచులు అయిపోయాయి, చెప్పులు నడుస్తున్నాయి. పరీక్ష బొమ్మల్ని రకాలవారీగా పేర్చుకున్నదీ తనే, నీటుగా ఉంటుందని: ముందు సంచులు, చెప్పులు, బూట్లు, ప్యాంట్లు, ఇవన్నీ ఎంత వణికే చిప్‌కైనా తెలిసిపోయేవే. గౌన్లు, బనియన్లు, స్వెట్టర్లు, కోట్లు, చొక్కాలు చివర్న. అసలు పరీక్ష అక్కడ. కోటుకీ చొక్కాకీ తేడా అంగుళమంత మెడపట్టీలో ఉంటుంది, చెయ్యి వణికేవాళ్లకి అది దొరకదు.

అరవై నాలుగు పెట్టిన మధ్యాహ్నం ఇప్పుడు ఎంత స్పష్టంగా కనిపిస్తోందో. మొదటి చిప్ వచ్చిన రోజు. బాండింగ్ అక్క మైక్రోస్కోపు కింద తలవెంట్రుకలో మూడోవంతు లేని బంగారు తీగలు ఒక్కొక్కటే అతికించి, "ఇక నీదేనమ్మా, నాదేం లేదు" అని చేతిలో పెట్టింది. మీటరు పెట్టి చూస్తే అంకెలు చిందులు. ఇంకో అరగంటలో డీన్ గారు ఎవరో అతిథుల్ని వెంటబెట్టుకుని చూడ్డానికి వస్తారని కబురు, వాళ్లముందు అంకెలు అలా గంతులేస్తుంటే ఏం బాగుంటుంది, ఇంటికి చుట్టాలొచ్చేముందు చిందరవందరంతా తీసి మంచం కిందకి తోసేస్తాం చూడండి, అంతే, అంతకంటే దుర్బుద్ధి లేదు. వాళ్లొచ్చారు, నిశ్చలంగా నిలబడ్డ అంకెల్ని చూశారు, భేష్ అన్నారు, వెళ్లారు. మంచం కింద సంగతి ఆమె మర్చిపోయింది. మర్చిపోయిందా? ఒక్క పరీక్షకి రెండ్రోజులు పడుతోందేమిటని ఎన్నిసార్లు విసుక్కోలేదు, కేబులు పాతదనుకుంది, కేబులు మార్చింది, కంప్యూటరు మార్చింది, ఒక్కసారి చదివితే చాలనే చిప్‌కి రెండ్రోజులెందుకు అని మాత్రం అనుకోలేదు. ఇవాళ సగటు తీసేస్తే రెండ్రోజుల పని రెండు గంటల్లో పరుగెడుతోంది, అదే చెబుతోంది కదా, ఇంకా చూసేదేముంది ఇందులో. చూడాలి. శాతం చూడాలి. తొంభై నాలుగు అని పేపర్లో ఉంది, తొంభై వచ్చినా ఫరవాలేదు, ఎనభై ఎనిమిదైనా ఏదో నచ్చజెప్పుకోవచ్చు, అని బేరానికి దిగింది, ఎవరితో బేరమో తెలియదు.

అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ముప్పై రెండేళ్లు ఆసుపత్రిలో నర్సు, నాడి చూడాలంటే నిమిషం నిండా చూసేది. చిన్నప్పుడు సెలవుల్లో వార్డు చివర స్టూలు మీద కూర్చుని లెక్కల పుస్తకం వేసుకుని ఆమె అడిగింది, "పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే సరిపోద్ది కదమ్మా, నీకు పని తొందరగా అవుద్ది." అమ్మ రోగి మణికట్టు వదలకుండానే, "మిగతా నలభై అయిదు సెకన్లూ గుండె ఏం చేస్తుందో నువ్వెళ్లి చూశావా?" అంది. ఆ తర్వాత ఇంటికొస్తూ బస్సులో తనంతట తనే చెప్పింది, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒకాయన హాయిగా నిద్రపోతున్నాడని నాడి చూడకుండా పాత అంకే చార్టులో ఎక్కించిందట, ఆయనకేం కాలేదు, బాగైపోయి చక్కగా ఇంటికెళ్లాడు. "మరి ఇంకేం?" అని ఈమె. "ఇంకేమీ లేదు. ఆయన మొహం మటుకు ఇప్పటికీ గుర్తుంది" అని అమ్మ. ఏమీ కానిదానికి అమ్మ ఎందుకంత బాధపడిందో అప్పుడు అర్థం కాలేదు. అచ్చులో ఉన్న ఆ తొంభై నాలుగు తల్చుకుంటే ఇప్పుడు అర్థమవుతోంది.

తలుపు రబ్బరు పట్టీ పీల్చుకుంటూ తెరుచుకుంది. బాండింగ్ అక్క. చేతిలో కాగితం కప్పుతో టీ. నాలుగు వేలు దాటింది, శాతం తొంభై ఆరు, గడియారం పదకొండు. "ఏమిటి, వైవా దగ్గర పెట్టుకుని మళ్లీ కొలుస్తున్నావు?" అంది అక్క మామూలుగానే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఈమె చెయ్యి తనకు తెలియకుండానే స్క్రీన్‌కి అడ్డం వెళ్లింది. "ఊరికే అక్కా, ఒకసారి సరిచూసుకుందామని." అక్క టీ తాగుతూ మీటరుకేసి చూసింది. "అంకెలు ఆడుతున్నాయే. ఇన్నాళ్లూ రాయిలా ఉండేవిగా?" అంది. "తీగ ఊడిందేమో చూడమంటావా?" "లేదక్కా, నీ తీగలన్నీ బాగానే ఉన్నాయి." ఆ మాట అంటూ బోర్డుకేసి తిరిగింది, ఎందుకంటే మూడేళ్లలో ఏ అంకె తేడా వచ్చినా ఆమె మొదట అనుమానించింది అక్క తీగల్నే, నాలుగుసార్లు ఊడదీయించి మళ్లీ వేయించింది, అక్క కళ్లు ఎర్రబడేదాకా వేసింది. అక్క కప్పు చెత్తబుట్టలో వేసి, "మొహం అలా ఉందేం? తిన్నావా?" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

అక్క చూడగానే పట్టేసింది, అంకెలు ఆడుతున్నాయని. నత్త కూడా అంతే, చూడగానే పట్టేసింది. నత్త అంటే జూనియరు. ఆ పేరు గైడు పెట్టిందే, ప్రేమగానే పెట్టాడు, లాబంతా అందుకుంది, ఈమె అందరికంటే ముందు అందుకుంది. రెండో చిప్ నత్తది. ఈమె చిప్ చెప్పిన జవాబుని మీటరు సాయం లేకుండా తనే చదువుకునే చిప్, మీటర్లూ బల్లలూ అక్కర్లేకుండా జేబులో పెట్టుకు తిరగొచ్చు. అందులో చదివే భాగాన్ని నత్త ఒక్కోసారికి బదులు పదహారేసి సార్లు చదివేలా కట్టింది, అందుకే చిప్ నిదానం, అందుకే ఆ పేరు. ఆర్నెల్ల కిందట సోమవారం మీటింగులో నత్త చెయ్యెత్తి, "అక్కా, నీ రీడింగు ఇంత నిమ్మళంగా ఎలా వస్తోంది? నేను ఎంత లెక్కేసినా ఆ గళ్లు వణకాలనే వస్తోంది" అంది. ఎదురు ప్రశ్న కూడా కాదు, నేర్చుకోవాలనే అడిగింది. ఈమె కుర్చీలో వెనక్కి వాలి, ఒక్క క్షణం ఆగి, "నిండు కుండ తొణకదు" అంది. గది గొల్లుమంది. గైడు కళ్లజోడు తీసి మరీ నవ్వాడు. నత్త కూడా నవ్వింది, నవ్వి పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుంది, చెవులు ఎర్రబడ్డాయి, ఆ చెవులు ఈమె చూసింది. చూసి సంతోషపడింది. అదిగో, అదీ నిజం, ఈ గదిలో ఇంకెవరూ లేరు కాబట్టి ఒప్పుకోవచ్చు, సంతోషపడింది. కిందటి సోమవారం గైడు ఆ పదహారు ఎందుకని అడిగితే నత్త జాగ్రత్త కోసం సార్ అంది, "జాగ్రత్త వేరు, పిరికితనం వేరు" అన్నాడాయన, అని ఈమెకేసి తిరిగాడు, "నువ్వేమంటావు?" తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనేవాళ్లకి ఆలోచన అక్కర్లేదు. "నా చిప్ ఒక్కసారి చదివితే చాలు సార్, పదహారు దండగ" అంది. "తీసెయ్యమ్మా" అన్నాడు గైడు. ఇప్పుడు మూడో అంతస్తులో నత్త అదే తీస్తోంది.

అయిదు వేల ఎనిమిది వందలు. తొంభై నాలుగున్నర. గౌన్లు. పదకొండూ ఇరవై మూడు. ఫోను చేతిలోనే ఉంది, నత్త నంబరు మీద బొటనవేలు ఉంది, ఒక్క నొక్కు, ఆపు అని ఒక్క మాట. గైడుకి చేద్దామన్నా ఆయన ఫోను కట్టేసి మూడో అంతస్తు చివరి గదిలో రివ్యూ కమిటీ ముందున్నాడు, అయిదేళ్లకి ఈ లాబు ఉంటుందా మూతపడుతుందా చెప్పే కమిటీ, ఆయన చూపిస్తున్న మొదటి స్లైడు ఈమె తొంభై నాలుగే. చెబితే ఏమవుతుంది. పేపర్లు వెనక్కి తీసుకోవాలి, అందరికీ తెలిసేలా, పేరుతో సహా. వైవా వాయిదా, ఇంకో రెండేళ్లు. ఈ ఏడాదే ఆఖరని ఇంట్లో ఆయనకి మూడేళ్లుగా చెబుతోంది, ఆయన నవ్వి ఊరుకుంటాడు, ఈసారి నవ్వుతాడో లేదో. చెప్పకపోతే? ఆర్నెల్ల తర్వాత నత్త చిప్ వస్తుంది, కోటుని చొక్కా అంటుంది, చొక్కాని గౌను అంటుంది, అప్పుడు అందరూ ఎవరికేసి చూస్తారు, నత్తకేసి. పాపం ఆ అమ్మాయి ఎక్కడో తప్పు చేసిందంటారు. మొదటి చిప్ బంగారంలా పనిచేసింది కదా అంటారు. నత్త ఒప్పుకుంటుంది కూడా, అంత పిచ్చిది, రాత్రింబగళ్లు తన తప్పేమిటా అని వెతుక్కుంటుంది, లేనిదాన్ని వెతికితే ఎప్పటికి దొరుకుతుంది. ఆ వెతుకులాట చూస్తూ పక్క బల్ల దగ్గర కూర్చుని తను టీ తాగాలి. బనియన్లు మొదలయ్యాయి. తొంభై మూడు. తొంభై రెండు. ఒక్కో బనియన్‌కీ తప్పు, ఒప్పు, ఒప్పు, తప్పు. పేపర్లో బనియన్లకి తొంభై ఒకటి ఉంది, ఇక్కడ నూటికి డెబ్బై. స్వెట్టర్లు. సగానికి సగం. ఇక కోట్లకీ చొక్కాలకీ ఏమవుతుందో చూడక్కర్లేదు, వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు, డెబ్బై ఏడో ఎనిమిదో దగ్గర ఆగుతుంది. పూర్తయ్యాక చెబుదాం, ఖాయమైన అంకెతో చెబుదాం, ఉత్త చేతుల్తో ఎలా వెళ్లడం అని మనసు ఇంకా గొణుగుతూనే ఉంది. పెళ్లయ్యాక ముహూర్తం చూసుకునే దానివి, లే, అంది ఆమె పైకే. పదకొండూ నలభై నాలుగు. స్క్రీన్ మీద ఏడు వేల అయిదు వందల ఇరవై. పరీక్షని అలాగే నడవనిచ్చి లేచింది.

లిఫ్టు ఏ అంతస్తులోనో ఆగిపోయి ఉంది, మెట్లెక్కింది, మొదటి అంతస్తులో ఎవరో పలకరించారు, ఊకొట్టింది, రెండో అంతస్తులో ఊపిరందక రెయిలింగు పట్టుకుంది, పట్టుకుని ఎలా మొదలుపెట్టాలా అనుకుంది, చెల్లీ ఒక మాట, కాదు, నత్తా, కాదు, ఆ పేరు ఇప్పుడు నోటికి రావడం లేదు. నత్త తన బల్ల దగ్గరే ఉంది. కంప్యూటరు ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఈమెని చూసి లేవబోయింది.

"ఆపు. పంపకు. నా తొంభై నాలుగు తప్పు" అంది ఈమె, ఒగరుస్తూ. "మీటరు అరవై నాలుగు సార్లు చదివి సగటిస్తోంది. నేనే పెట్టాను, మర్చిపోయాను. నువ్వు అడిగావు చూడు, ఎందుకు వణకడం లేదని. వణుకుతుంది. నీ లెక్కే కరెక్టు. ఆ పదహారు తియ్యొద్దు."

నత్త స్క్రీన్‌కేసి చూసింది. తర్వాత మెల్లగా, "తియ్యలేదక్కా" అంది. "పదింటికే పంపేశాను. తియ్యకుండానే."

"సార్ తీసెయ్యమన్నారు కదా?"

"అన్నారు. తీద్దామని మూడుసార్లు తెరిచాను. చెయ్యి రాలేదు. నీ తొంభై నాలుగు తప్పని నాకు తెలీదు అక్కా, నిజంగా తెలీదు. భయమేసింది, అంతే. సాయంత్రం సార్‌కి తియ్యడం చేతకాలేదని చెప్దామనుకున్నా."

ఈమె పక్క కుర్చీలో కూలబడింది. చిప్‌కి ఏమీ కాలేదు. లోపల ఇంకేదో మెల్లగా మేలుకుంటోంది, ఏమీ కాలేదు కదా, ఫైలు క్షేమంగా వెళ్లింది, నేలమాళిగలో తలుపేసి ఉంది, పరీక్ష ఆపేసి, ఆ రెండు వందల పన్నెండో వరుస... నత్త ఆమె మొహంలోకి చూసింది, చూసి అర్థం చేసుకున్నట్టుంది, గొంతు ఇంకా తగ్గించింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"ఇప్పుడే చెప్పకపోతేనేం అక్కా. నెలలో వైవా. చిప్ ఎలాగూ బాగానే వస్తుంది. నిదానం ఎందుకని అడిగితే నేనేదో చెప్పుకుంటాలే. నాలుగు మాటలంటారు, పడతాను. నాకలవాటే."

నిష్ఠూరంగా అంటే బాగుండేది. మామూలుగా అంది, నీళ్ల సీసా అందించినంత మామూలుగా. నాకలవాటే. ఆ అలవాటు చేసిందెవరు, ఆర్నెల్ల పాటు సోమవారం సోమవారం కాస్త కాస్తగా అలవాటు చేసిందెవరు. ఈమెకి సిగ్గేసింది. పేపరు గురించి కాదు, అంకె గురించి కాదు, ఎదురుగా ఉన్న ఈ పిల్ల మొహం చూడ్డానికి సిగ్గేసింది. లేచి నడవా చివరి గది వైపు నడిచింది. వెనక నత్త అక్కా, అక్కా అంటూనే ఉంది.

తలుపు తట్టి తోసింది. పొడుగాటి బల్ల చుట్టూ అయిదుగురు, గోడ మీద తొంభై నాలుగు, మనిషంత ఎత్తున. గైడు ఆమెని చూసి నొచ్చుకోలేదు సరికదా, మొహం విప్పారింది. "ఇదిగో, ఈ చిప్ చేసిన అమ్మాయి తనే. రామ్మా, మంచి టైముకొచ్చావు" అన్నాడు.

ఆమె తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. రెండు నిమిషాలు పట్టింది. మీటరు, సగటు, మూడేళ్లు, కింద ఇప్పుడు నడుస్తున్న పరీక్ష, డెబ్బై ఎనిమిది దగ్గర ఆగేలా ఉన్న అంకె. చెబుతున్నంతసేపూ గొంతు వణికింది, వణకనిచ్చింది. ఎవరో కలం మూత పెట్టిన చప్పుడైంది. గైడు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు, ఆయన అంత ముసలాయన అని ఆమెకి అంతవరకూ తెలియదు. కమిటీకేసి తిరిగి ఆయన, "పోనీలే, మనమే పట్టుకున్నాం, బయటివాళ్లు పట్టుకోలేదు" అన్నాడు, ఆ మాటతో కమిటీ ముందు కాస్త పరువు నిలబడుతుందేమో అన్నట్టు. తర్వాత ఆమెకేసి చూశాడు. "నువ్వే కనిపెట్టావా?"

అవునంటే సరిపోతుంది. అబద్ధం కూడా కాదు.

"లేదు సార్. మన అమ్మాయి ఆర్నెల్ల కిందటే అడిగింది, మీటింగులో" అందామె. "ఆ రోజు మనం నవ్వాం."